శబ్దం చెప్పే ఆచూకీ

కంప్యూటర్ పెట్టెలో కదిలే భాగాలు చాలా తక్కువ. గాలి తోసే ఫ్యాన్లు, పాత రకం హార్డ్ డిస్క్, ఉంటే గింటే ఓ డీవీడీ డ్రైవ్. పెట్టె బయట స్పీకర్లో ఆడే అట్ట కోను. అంతే. మిగతాదంతా చోటు కదలని లోహం, ప్లాస్టిక్, సిలికాన్. అయినా కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు “ఏమిటా చప్పుడు?” అని అడుగుతారు. ఒకరోజు గరగరలాడుతుంది. ఇంకోరోజు సన్నగా కూస్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే టింగుమంటుంది. మెకానిక్ వచ్చి కూర్చున్నాక మాత్రం కిమ్మనదు.

శబ్దం పుట్టాలంటే ఏదో ఒకటి కంపించాలి. కంపించాలంటే దానికి ఎక్కడి నుంచో శక్తి అందాలి. ఈ లెక్కన కంప్యూటర్లో చప్పుడు పుట్టే దారులు నాలుగే. తిరిగే వస్తువులు, కరెంటు పారుతుంటే వణికే వస్తువులు, స్పీకర్‌లోకి చేరే సంకేతాలు, మనల్ని పిలవడానికే మోగే హెచ్చరికలు. మన చెవిన పడింది ఏ దారిన వచ్చిందో తేల్చడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఒకసారికి ఒక్కటే మార్చి, చప్పుడు మారిందా లేదా అని వినే ఓపిక ఉంటే చాలు. ప్రయోగశాలల్లో జరిగేదీ ఇదే. అందుకే ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ వెతుకులాటలో వాళ్లనూ కూర్చోబెట్టుకోవాలని నా కోరిక.

చెవి ఎక్కడ తికమకపడుతుంది

“ఎక్కడి నుంచో వస్తోంది కానీ ఎక్కడో తెలియడం లేదు” అనే మాట అందరి నోటా వినేదే. అది వినేవాళ్ల లోపం అనుకోవద్దు. మన రెండు చెవుల మధ్య తల అడ్డుగా ఉంది. కుడి పక్క నుంచి వచ్చిన శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త మందంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని పట్టుకుని దిక్కు లెక్కగడుతుంది. లోతైన శబ్దాలకు ఈ ఆలస్యం, కీచు శబ్దాలకు తల అడ్డు వల్ల కలిగే తేడా ఆధారమవుతాయని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించాడు. ఈ రెంటికీ నడుమ, సుమారు 1,500 నుంచి 3,000 హెర్ట్జ్ దాకా, ఏ ఆధారమూ గట్టిగా నిలవదు. పైగా ఎడతెగకుండా ఒకే స్థాయిలో సాగే కూత గోడలకు తగిలి తిరిగొచ్చి గదంతా పరుచుకుంటుంది. తల ఇటు తిప్పితే పెరుగుతుంది, అటు తిప్పితే తగ్గుతుంది. టక్కుమనే చప్పుడుకు మొదలు స్పష్టంగా ఉంటుంది కాబట్టి దాని చోటు పోల్చుకోవడం సులువు.

కాబట్టి ముందు అడగాల్సింది, ఆ చప్పుడు అసలు కంప్యూటర్‌దేనా అని. టేబుల్ కింద యూపీఎస్ ఉంటుంది. గోడకు ట్యూబ్‌లైట్ ఉంటుంది, పాత రకమైతే దాని చోక్ కూడా ఝుమ్మంటుంది. గోడ మీది బల్లి కూడా టిక్కుటిక్కుమంటుంది. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి, సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపి ఐదు నిమిషాలు కూర్చోండి. అప్పటికీ చప్పుడు వస్తుంటే దాని ఇల్లు వేరే.

కంప్యూటర్‌దే అని తేలాక చోటు పట్టుకోవడానికి ఒక కాగితం చాలు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి, ఒక కొస రోగి ఛాతీ మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టి విన్నాడు. స్టెతస్కోప్ పుట్టింది అలాగే. వార్తాపత్రికను గట్టిగా గొట్టంలా చుట్టి, మూసి ఉన్న క్యాబినెట్ వెనక, పక్కల, ముందు ఒక్కోచోట ఆనించి వినండి. ఫ్యాన్ దగ్గర హోరు, డిస్క్ ఉన్న చోట సన్నని గుయ్‌మనే శబ్దం విడివిడిగా వినబడతాయి. కారు మెకానిక్‌లు స్క్రూడ్రైవర్‌ను ఇంజిన్‌కు ఆనించి వింటారు. కరెంటు ఉన్న కంప్యూటర్‌ లోపల ఆ పని మాత్రం చేయకూడదు. ఇనుప ముక్క తగలరాని చోట తగిలితే బోర్డు కాలిపోతుంది.

ఆపే క్షణం

నేను అందరికీ మొదట చెప్పే పరీక్ష దీనికన్నా తేలిక. చప్పుడు వస్తుండగా కంప్యూటర్‌ను మామూలు పద్ధతిలో షట్‌డౌన్ చేయండి. కరెంటు తెగే ఆ మూడు నాలుగు సెకన్లు చెవి పెట్టండి.

తిరిగే వస్తువుకు జడత్వం ఉంటుంది. కరెంటు పోయినా వెంటనే ఆగదు. వేగం తగ్గే కొద్దీ దాని స్వరం మెట్లు దిగినట్టు కిందికి జారి, ఆపైన ఆగుతుంది. అలా జారితే అది ఫ్యాన్ గానీ హార్డ్ డిస్క్ గానీ. అదే కరెంటు వల్ల వణికే భాగమైతే దానికి జడత్వంతో పని లేదు. కత్తితో కోసినట్టు కూత ఒక్కసారిగా తెగిపోతుంది. ఈ ఒక్క తేడాతో అనుమానితుల్లో సగం మందిని పక్కన పెట్టేయవచ్చు. ఆపాక నిమిషం తర్వాత ఎప్పుడో ఒకటి రెండు సార్లు టిక్కుమంటే కంగారు అక్కర్లేదు. వేడెక్కి వ్యాకోచించిన రేకు, ప్లాస్టిక్ చల్లబడుతూ సర్దుకునే చప్పుడది.

తిరిగేవి

ఫ్యాన్ చప్పుడుకు లెక్క ఉంది. నిమిషానికి 1,200 సార్లు తిరిగే ఫ్యాన్ సెకనుకు 20 చుట్లు చుడుతుంది. దానికి ఏడు రెక్కలుంటే ఒక చోటును సెకనుకు 140 రెక్కలు దాటిపోతాయి. మన చెవికి 140 హెర్ట్జ్ హోరు వినబడుతుంది. ప్రాసెసర్ వేడెక్కితే వేగం పెరుగుతుంది, స్వరమూ పైకెక్కుతుంది. వేగంతో పాటు శబ్ద శక్తి సుమారు ఐదో ఘాతంలో పెరుగుతుంది. అంటే ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే శబ్ద శక్తి 32వ వంతుకు పడిపోతుంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 15 తగ్గుతుంది. చప్పుడు తగ్గాలంటే ఫ్యాన్‌ను వేగంగా తిప్పాల్సిన అవసరాన్నే తగ్గించాలి. మన ఊళ్లలో ఆ అవసరానికి మొదటి కారణం దుమ్ము. ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకుల సందుల్లో దుమ్ము దుప్పటిలా పేరుకుంటే వేడి బయటికి పోదు. ఫ్యాన్ పరుగు పెంచుతుంది, ఇల్లంతా హోరు.

ప్లగ్గు తీసి, మూత విప్పి, బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఒక జాగ్రత్త. ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని ఊదండి. వదిలేస్తే గాలి తోపుకు అది మామూలు వేగం దాటి గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. శుభ్రం చేశాక కూడా పొద్దున ఆన్ చేసిన కాసేపు గరగరమని, వేడెక్కాక సర్దుకుంటే బేరింగ్‌లో నూనె ఎండిపోతోందని అర్థం. అప్పుడు ఫ్యాన్ మార్చడమే మంచిది. ఖరీదైన వస్తువేమీ కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజారుకు పాత ఫ్యాన్ పట్టుకెళ్తే అదే కొలతది చూపిస్తారు.

కొన్ని ఇళ్లలో హోరు నిలకడగా ఉండదు. వూం… వూం… అని పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఏ ఫ్యాన్ పాడైందా అని ఒక్కొక్కటీ విడిగా పరీక్షిస్తే రెండూ బాగానే ఉంటాయి. కారణం రెండూ కలిసి ఉండడమే. ఒకటి 140 హెర్ట్జ్, ఇంకోటి 141 హెర్ట్జ్‌లో హోరెత్తితే, సెకనుకోసారి రెండు అలలూ కలిసి పెద్దవవుతాయి, మళ్లీ ఎదురుపడి చిన్నవవుతాయి. వీటిని విస్పందనాలు అంటారు. తంబూర తీగలు శ్రుతి కలిసీ కలవనప్పుడు వినబడే ఊగిసలాట సరిగ్గా ఇదే. తంబూర కళాకారులు తీగను బిగిస్తారు, మనం సెట్టింగ్స్‌లో ఒక ఫ్యాన్ వేగాన్ని కాస్త దూరం జరపాలి.

మరో రకం చప్పుడు ఒకానొక వేగం దగ్గరే పుడుతుంది. ఆ వేగం దాటితే మాయం. క్యాబినెట్ పక్క రేకు సహజ పౌనఃపున్యం, ఫ్యాన్ పౌనఃపున్యం ఒకటైనప్పుడు రేకు అనునాదంతో గలగలలాడుతుంది. అరచేత్తో రేకును నొక్కండి. ఆగిపోతే మర బిగించడమో, మధ్యలో సన్నని రబ్బరు ముక్క పెట్టడమో చాలు. అనునాదం ఎంత దూరం పోగలదో 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ రేమండ్ చెన్ బయటపెట్టిన సంగతి చెబుతుంది. జానెట్ జాక్సన్ పాట ‘రిథమ్ నేషన్’ మోగిస్తే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు ఆగిపోయేవి. పక్కనున్న ల్యాప్‌టాప్‌లో మోగినా ఆగిపోయేవి. ఆ పాటలోని ఒక స్వరం వాటిలో నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ సహజ పౌనఃపున్యంతో కలిసింది. తయారీదారు ఆ స్వరాన్ని వడకట్టే ఏర్పాటు చేసి గండం గట్టెక్కాడు.

హార్డ్ డిస్క్ విషయంలో నా గొంతు కాస్త గట్టిగానే ఉంటుంది. డిస్క్ పళ్లేనికి చదివే హెడ్‌కు మధ్య దూరం కొన్ని నానోమీటర్లు. మన తల వెంట్రుక మందం వేల నానోమీటర్లలో, దాదాపు 70 వేల దాకా ఉంటుంది. సన్నగా గుయ్‌మనడం, ఫైళ్లు వెతికేటప్పుడు చిటచిటలాడడం దాని ఆరోగ్య లక్షణాలే. కానీ టక్… టక్… టక్ అని ఒకే లయలో కొట్టుకుంటే హెడ్‌కు దారి గుర్తులు దొరకడం లేదన్నమాట. హెడ్‌ను మోసే చేయి మొదటికి వచ్చి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. ఒక్కో ప్రయత్నంలో పళ్లెం మీద గీత పడవచ్చు. 1990ల్లో అయోమెగా సంస్థ జిప్ డ్రైవ్‌లలో ఇలాంటి టక్కుటక్కే ‘క్లిక్ ఆఫ్ డెత్’గా పేరుపడింది. 1998లో అమెరికాలో వినియోగదారులు దావా దాకా వెళ్లారు. ఆ లయ వినబడితే పరీక్షలన్నీ పక్కన పెట్టండి. డిస్క్ ఇంకా తెరుచుకుంటుంటే పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు ముందు వేరే చోటికి కాపీ చేయండి. తెరుచుకోకపోతే కరెంటు తీసేసి డేటా రికవరీ చేసేవారి చేతికి ఇవ్వండి. ఇక్కడ కారణం తెలుసుకోవాలన్న కుతూహలం కన్నా సమాచారమే విలువైనది.

కరెంటు కూత

పేజీని కిందికి జరుపుతుంటే కంప్యూటర్ సన్నగా కూస్తుంది. జరపడం ఆపితే ఆగిపోతుంది. ఇది చాలామందిని బెదరగొట్టే చప్పుడు. ఎస్‌ఎస్‌డీ మాత్రమే ఉండి ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌లో కూడా ఇది వస్తుంది. తిరిగేదేమీ లేనప్పుడు కూత ఎక్కడిది?

ప్రాసెసర్‌కు దాదాపు ఒక వోల్టు కరెంటు కావాలి. పన్నెండో, పంతొమ్మిదో వోల్టులను అక్కడికి దించడానికి మదర్‌బోర్డు మీద చిన్న చిన్న కాయిల్స్, కెపాసిటర్లు ఉంటాయి. సెకనుకు లక్షల సార్లు కరెంటును తెగ్గొడుతూ కలుపుతూ పనిచేస్తాయి. ఆ వేగం మన చెవికి అందదు. కానీ ప్రాసెసర్‌కు పని లేనప్పుడు ఈ ఏర్పాటు కరెంటు ఆదా కోసం విడతలు విడతలుగా పనిచేస్తుంది. పేజీ జరిపినప్పుడు ప్రాసెసర్ లేచి పని చేసి మళ్లీ కునుకు తీస్తుంది. ఆ విడతల జోరు సెకనుకు కొన్ని వేలయితే అది సరిగ్గా మనకు వినబడే మేర. కరెంటు ఎక్కి దిగినప్పుడల్లా కాయిల్ చుట్లు ఒకదాన్నొకటి లాగుతాయి. అయస్కాంతీకరణతో ఇనుము పొడవు అతి స్వల్పంగా మారుతుందని జూల్ 1842లోనే కనిపెట్టాడు. కాయిల్ లోపలి దిమ్మె కూడా అలాగే సాగి ముడుచుకుంటుంది. పక్కనున్న సెరామిక్ కెపాసిటర్లు బేరియం టైటనేట్‌తో చేసినవి. వోల్టేజీ మారితే అవి ఉబ్బి తగ్గుతాయి. ఇది 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న పీజోఎలక్ట్రిక్ లక్షణానికి తిరుగు రూపం. బియ్యపు గింజంత వస్తువు వణికితే మనకు వినబడదు. అది అతుక్కుని ఉన్న బోర్డంతా వణికితే వినబడుతుంది.

ఇంట్లో పిల్లలు “కూస్తోంది” అంటే పెద్దలు “ఏమీ లేదు పడుకోండి” అంటారు. ఇద్దరి మాటా నిజమే. వయసుతో పాటు ఎక్కువ పౌనఃపున్యాలు వినే శక్తి ముందు తగ్గుతుంది. మన పాత డబ్బా టీవీలు 15,625 హెర్ట్జ్‌లో కూసేవి. పిల్లలకు పక్క గదిలోంచే టీవీ పెట్టారని తెలిసిపోయేది, తాతగారికి ఆ కూత సోదిలోకే వచ్చేది కాదు. పిల్లల మాటను సాక్ష్యంగా తీసుకోవాలి. ఈ కూత వల్ల కంప్యూటర్‌కు ముప్పు లేదు. భరించలేకపోతే ఆటల్లో ఫ్రేముల వేగానికి పరిమితి పెట్టడం, పవర్ సెట్టింగ్ మార్చడం కొంత పనిచేస్తాయి. అయితే కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి చిటపటమని వినబడినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ప్లగ్గు తీయండి. దాని పెట్టె మాత్రం విప్పవద్దు. 230 వోల్టుల ఏసీ లోపల 325 వోల్టుల దాకా డీసీగా నిల్వ ఉంటుంది. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కాసేపు ప్రాణం తీసేంత బలం దానికి ఉంటుంది.

స్పీకర్‌లో దూరేవి

స్పీకర్ స్విచ్ ఆపితే ఆగే చప్పుడుది మూడో దారి. ఇక్కడ కంప్యూటర్ శబ్దాన్ని పూర్తిగా మ్యూట్ చేసి చూడండి. మ్యూట్‌తో ఆగితే ఏదో ప్రోగ్రాం మోగిస్తోంది. విండోస్ వాల్యూమ్ మిక్సర్‌లో ఏ ప్రోగ్రాం గీత ఆడుతోందో చూడండి. బ్రౌజర్ అయితే చప్పుడు చేసే ట్యాబ్ మీద చిన్న స్పీకర్ బొమ్మ కనబడుతుంది. క్రోమ్‌లో ఈ వసతి 2014 నుంచి ఉంది. ఉండుండి రెండు స్వరాల టింగ్‌టాంగ్ వస్తుంటే యూఎస్‌బీ వైపు చూడాలి. వదులైన కేబుల్ వల్ల ఏదో పరికరం తెగి, మళ్లీ అతుక్కుంటోంది. అన్నీ ఒక్కొక్కటిగా తీస్తూ కూర్చోకుండా సగం తీసేయండి. చప్పుడు ఆగితే దోషి తీసిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. ఎనిమిది పరికరాలున్నా మూడు అడుగుల్లో దొరికిపోతుంది.

మ్యూట్ చేసినా బుర్రుమంటుంటే తీగల్లో దూరిన చప్పుడది. పక్కన పాత 2జీ ఫోన్ ఉంటే, కాల్ రాబోయే ముందు స్పీకర్ టిటిట్ బుర్ర్ అంటుంది. ఆ ఫోన్ రేడియో తరంగాన్ని సెకనుకు 217 విడతలుగా పంపుతుంది. స్పీకర్ తీగ ఏరియల్‌లా దాన్ని పట్టుకుంటుంది. ఎడతెగని ఝుమ్‌కారమైతే ఇంటి కరెంటు అనుమానం. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. ఝుమ్‌కారం పోతే ఎర్తింగ్ సమస్య. కంప్యూటర్, స్పీకర్ వేర్వేరు సాకెట్లలో ఉంటే ఒకే బోర్డుకు మార్చి చూడండి. ఎర్తింగ్ లేని ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది కూడా. మూడో పిన్ను విరిచేయడం, రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టడం పరిష్కారాలు కావు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిచేయించండి. అది చప్పుడుకే కాదు, మనిషి ప్రాణానికీ రక్ష. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే రొద వస్తే, ఆ ఇన్వర్టర్ సైన్ వేవ్ ఇవ్వడం లేదని అర్థం. సీలింగ్ ఫ్యాన్ మూలగడం కూడా అదే కారణంతో.

ఏ ఝుమ్‌కారం ఏదో తేల్చడానికి ఫోనే పరికరం. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వారి ఉచిత యాప్ ‘ఫైఫాక్స్’ శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడదీసి చూపుతుంది. శిఖరం 50 లేదా 100 హెర్ట్జ్ దగ్గర ఉంటే కరెంటు. 90 దగ్గరైతే 5,400 చుట్ల డిస్క్, 120 దగ్గరైతే 7,200 చుట్ల డిస్క్. ఇక్కడ మనకో సౌలభ్యం ఉంది. అమెరికాలో ఇంటి కరెంటు 60 హెర్ట్జ్ కావడంతో దాని ఝుమ్‌కారం కూడా 120 దగ్గరే పడి డిస్క్‌తో కలిసిపోతుంది. 50 హెర్ట్జ్ వాడే మన దేశంలో ఆ రెండూ విడివిడిగా కనబడతాయి.

పిలవడానికే మోగేవి

యూపీఎస్ కొన్ని సెకన్లకోసారి కూస్తే బ్యాటరీ మీద నడుస్తోందని, గబగబా కూస్తే బ్యాటరీ అయిపోవస్తోందని చెప్పడం. కరెంటు ఉండగానే కూస్తుంటే బ్యాటరీకి కాలం చెల్లి ఉండవచ్చు. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే బీప్‌లు 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి వస్తున్న ఆనవాయితీ. తెర వెలగకముందే ఏదైనా చెడితే చెప్పడానికి కంప్యూటర్‌కు నోరొక్కటే దిక్కు. అందులో ఒక పొట్టి బీప్ అంతా క్షేమం. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే డిస్‌ప్లే సమస్య. అన్ని కంపెనీలదీ ఒకే భాష కాదు కాబట్టి పొడుగువెన్ని, పొట్టివెన్ని రాసుకుని మదర్‌బోర్డు పుస్తకంలో చూడాలి. బీప్‌లు ఆగకుండా వస్తే చాలాసార్లు ర్యామ్ సరిగా కూర్చోకపోవడమే కారణం. మన మెకానిక్‌లు ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ గట్టిగా నొక్కి పెడతారు. ఆ పద్ధతి పనిచేస్తుంది.

బాగున్న రోజునే వినండి

2013లో డేనియల్ జెన్కిన్, ఆది షమీర్, ఎరాన్ ట్రోమర్ అనే ముగ్గురు పరిశోధకులు ల్యాప్‌టాప్ కూతను మైకుతో విని, అది రహస్య సందేశాలను విప్పుతుండగా దానిలోని 4,096 బిట్ల రహస్య తాళంచెవిని గంటలోపే రాబట్టారు. మంచి మైకుతో నాలుగు మీటర్ల దూరం నుంచి కూడా అది సాధ్యమని చూపించారు. ఆ షమీర్, ఆర్‌ఎస్‌ఏ అనే ఆ తాళం పద్ధతిని కనిపెట్టిన ముగ్గురిలో ఒకరు. ఆ సందేశాలు విప్పిన సాఫ్ట్‌వేర్‌ను తర్వాత సరిచేశారు. కానీ ఆ ప్రయోగం రుజువు చేసిన సంగతి మన ఇంటికీ పనికొస్తుంది. యంత్రం చేసే ప్రతి పనికీ శబ్దంలో ఎంతో కొంత ఆనవాలు ఉంటుంది.

ఆ ఆనవాలు అర్థం కావాలంటే పోల్చడానికి మరొకటి కావాలి. జబ్బు చేసిన రోజున డాక్టర్‌కు మన మామూలు బీపీ ఎంతో తెలిస్తేనే నేటి అంకెకు అర్థం. అందుకే కంప్యూటర్ బాగున్న రోజునే ఒక పని చేయండి. రాత్రి పూట గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఫోన్‌ను క్యాబినెట్‌కు జానెడు దూరంలో పెట్టి, ఆన్ చేసిన దగ్గర్నుంచి ఒక నిమిషం, షట్‌డౌన్ చేసేటప్పుడు ఒక నిమిషం రికార్డు చేసి, తేదీ రాసి దాచండి. కొత్త చప్పుడు మొదలైతే ఎప్పుడు, ఏం చేస్తుండగా, కరెంటు మీదా ఇన్వర్టర్ మీదా, ఎంత ఎండగా ఉందో రెండు వాక్యాల్లో రాసుకోండి. మెకానిక్ ఎదుట చప్పుడు రాకపోయినా ఆ రికార్డింగ్, ఆ రెండు వాక్యాలు ఉంటాయి. అవసరం లేని భాగం మార్చమనేవారికి మీరు జవాబు చెప్పగలరు. అవసరమైన భాగాన్ని మార్చమనేవారి మాట మీరు నమ్మగలరు.